దేవుని గూట్లో రక్తం సీసా

యాకమ్మ ఇంట్లో దేవుని గూడు చిన్నది. అందులో కొమురెల్లి మల్లన్న పటం, పాలకుర్తి సోమన్న విభూతి పొట్లం, వాటి పక్కన ఒక ఖాళీ గాజు సీసా ఉండేవి. దేవుళ్లకు ఎంత పసుపో సీసాకూ అంతే పసుపు, అదే కుంకుమ బొట్టు. చూసిన ఇరుగుపొరుగు ఆడవాళ్లు మూతి దాచుకుని నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ, యాకమ్మ ఎవరికి జడిసే మనిషి!

ఆ సీసా ఎనభై మూడు చలికాలంలో వచ్చింది. ఆమె భర్త మొండయ్య వరంగల్‌లో ఒక పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. ఒకరోజు పొద్దున అతని కుడిచెయ్యి మిషను బెల్టులో పడింది. మిల్లువాళ్లు హనుమకొండలో ఒక ప్రైవేటు దవాఖానకు మోసుకుపోయారు. రక్తం చాలా పోయిందనీ, ఎక్కించకపోతే దక్కడనీ అక్కడి డాక్టర్లు చెప్పారు. ఆ రోజుల్లో రక్తం అమ్మే దుకాణాలుండేవి, ఆకలికి తమ రక్తం అమ్ముకునే మనుషులూ ఉండేవాళ్లు. అది మంచిదో చెడ్డదో పరీక్ష చేసే పుణ్యాత్ముడు మాత్రం లేడు. సీసా వచ్చింది, చుక్క చుక్కగా మొండయ్య ఒంట్లోకి దిగింది, సాయంత్రానికి అతను కళ్లు తెరిచాడు.

ఆయా ఖాళీ సీసాను చెత్తబుట్టలో వేయబోతే యాకమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"దీంట్లనే మా ఆయిన పానం వచ్చింది. చెత్తల ఎట్లేస్తవమ్మా? ఇటియ్యి."

ఇంటికి తెచ్చి లోపల కడిగింది. బయట ఏదో కాగితం అంటించి ఉంటే, చదువు రాని మనిషి కదా, దాని మీదుగానే పసుపు పూసి గూట్లో పెట్టింది. తర్వాత ప్రతి శుక్రవారం ఇంకో పూత.

రెండు నెలలకు చెయ్యి మానింది. మానిందని సంబరపడేలోపే మొండయ్య కళ్లు పచ్చబడ్డాయి. ఎవరేం చెబితే యాకమ్మ అది చేసింది. పసరు తాగించింది, ముంజేతికి వాత పెట్టించింది, ఉప్పూ నూనే లేని పత్తెం పెట్టింది. కామెర్లు దిగలేదు. చివరికి సర్కారు దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ అన్నీ విని, ఈ మధ్య రక్తం ఏమైనా ఎక్కించారా అని అడిగింది. ఎక్కించారని చెబితే, ఆ రక్తంలోంచే కాలేయానికి రోగం పట్టి ఉంటుందని చెప్పింది. మొండయ్య ఆరు నెలలు మంచం దిగలేదు.

లేచి పనికి పోయిన రోజున మేనేజరు నర్సయ్య గేటు దగ్గరే ఆపాడు. నర్సయ్య పరాయివాడేం కాదు, వీళ్ల సందులోనే నాలుగిళ్ల అవతల ఉండేవాడు.

"చెయ్యి మా దగ్గర తెగింది, ఒప్పుకుంట. కామెర్లు మాత్రం నీ కల్లుతోటి వచ్చినయ్. తాగుబోతుకు మా మిల్లుల పని లేదు."

అనడంతో ఆగలేదు. అదే మాట కాగితం మీద రాసి ముద్ర కొట్టాడు.

మొండయ్యను తాగుబోతనడం! పెళ్లయినా, పండుగైనా, చావైనా కల్లు ముట్టని మగవాడు ఆ సందు మొత్తంలో మొండయ్య ఒక్కడే. నియమం, నిష్ఠ ఏమీ కాదు. ఒక గుటక లోపలికి పోతే రెండు గుటకలు బయటికి వచ్చేవి. పెళ్లినాడు బావమరుదులు పట్టుబట్టి తాగిస్తే పీటల మీదే కక్కి యాకమ్మ కొత్త చీర ఖరాబు చేశాడు. ఆ సంగతి ఆమె ఇరవై ఏళ్లుగా దెప్పుతూనే ఉంది.

పని పోయిన బాధ కంటే ఆ మాటే మొండయ్యను ఎక్కువ కుంగదీసింది. బయటికి రావడం మానేశాడు. "నేను సచ్చినా గా కాయితంల తాగుబోతునే గదనే" అని గోడవైపు తిరిగి పడుకునేవాడు. అతన్ని అట్లా చూస్తే యాకమ్మకు ఏడుపూ వచ్చేది, ఒళ్లూ మండేది.

మిల్లు యూనియన్ నాయకుడు వెంకట్రాజం హనుమకొండ లేబర్ ఆఫీసులో కేసు వేయించాడు. మిల్లులో దెబ్బ తగిలింది, ఆ దెబ్బకే రక్తం ఎక్కించారు, ఆ రక్తంతోనే రోగం వచ్చింది, కాబట్టి రోగానికీ మిల్లే నష్టపరిహారం ఇచ్చి పనిలోకి తీసుకోవాలని అతని వాదన. వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. ఏడాది గడిచాక ఆ ప్రైవేటు దవాఖాన నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మొండయ్యకు అసలు రక్తమే ఎక్కించలేదట, గ్లూకోజు పెట్టారట!

లేబర్ ఆఫీసరు రాజేశ్వర్ రావు చెడ్డవాడు కాదు గానీ, కాగితం లేనిదే కదలని మనిషి. వచ్చే వాయిదాకు ఆధారం తేకపోతే రోగం సంగతి కొట్టేస్తానన్నాడు.

ఆ సాయంత్రం వెంకట్రాజం యాకమ్మ ఇంటికి వచ్చి తల పట్టుకుని కూర్చున్నాడు.

"రక్తం ఎక్కిచ్చిన్రని ఒక్క చీటి దొరికినా సాలు వదినె. రశీదు గిట్ల ఏం లేదా?"

"రశీదు యాడిది తమ్మీ! సీసానైతే ఉన్నది."

"ఏం సీసా?"

"నీ ఎనకనే ఉన్నది గద."

వెంకట్రాజం ఎర్రజెండా మనిషి. దేవుడంటే పడదు. అందుకని ఏడాదిగా ఆ ఇంట్లో ఎన్నిసార్లు చాయ తాగినా గూటికి వీపు పెట్టే కూర్చున్నాడు. దేవుని దగ్గరి వస్తువు కచ్చేరీకి పనికొస్తుందని యాకమ్మకు తట్టలేదు. దేవుడు లేడనే ఆయనా, ఉన్నాడనే ఈమే కలిసి చేతికందే సాక్ష్యాన్ని అన్నాళ్లూ పసుపు కింద ఉంచేశారు. వెంకట్రాజం వెనక్కి తిరిగి చూశాడు, చాయ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

వాయిదా రోజు యాకమ్మ సీసాను కొత్త రవిక గుడ్డలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సులో హనుమకొండ పోయింది. ఆఫీసరు మేజా మీద పెట్టగానే మిల్లు వకీలు, "ఇదేంటమ్మా, బోనమా?" అని నవ్వాడు. ఆమె అతని వైపు చూడనైనా చూడలేదు. బంట్రోతు తుడవబోతే మాత్రం ఆపింది.

"ఆగు బిడ్డా. నేను పెట్టిన పసుపు, నేనే తీస్త."

కొంగు తడిపి మెల్లగా తుడిచింది. శుక్రవారాల పసుపంతా పొరలు పొరలుగా ఊడింది. కింద కాగితం పచ్చబారింది గానీ అక్షరాలు చెరిగిపోలేదు. రాజేశ్వర్ రావు కళ్లద్దాలు సర్దుకుని పైకే చదివాడు. రక్తం దుకాణం పేరు, సీసా నంబరు, తారీఖు, గ్రూపు. చివర చేతిరాతతో, మొండయ్య.

వకీలు నవ్వు ఆపి కాగితాలు తిరగేయడం మొదలుపెట్టాడు.

దుకాణం రిజిస్టరు తెప్పిస్తే నంబరు సరిపోయింది. ఆ సీసాకు రక్తం అమ్ముకున్న మనిషి రక్తమే ఎక్కించుకున్న ఇంకొకరికి కూడా కామెర్లు వచ్చాయని సర్కారు డాక్టరమ్మ స్వయంగా వచ్చి చెప్పింది. హైదరాబాదుకు పంపిన పరీక్షలో మొండయ్యకు ఇప్పుడు రోగం లేదని తేలిందనీ ఆమే చెప్పింది. మొండయ్య కల్లు ముట్టడని సందులోవాళ్లు సాక్ష్యం చెప్పారు. ఎనభై ఆరు ఎండాకాలంలో తీర్పు వచ్చింది. చేతికీ రోగానికీ కలిపి నష్టపరిహారం, పత్తి తూచే కాంటా దగ్గర తేలిక పని. యాకమ్మ ఆఫీసు మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. ఏడాదిన్నరగా ఆమె అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నది లేదు.

ఇంటికి వచ్చి సీసాను మళ్లీ గూట్లో పెడుతుంటే మొండయ్య అడ్డం వచ్చాడు.

"రోగం తెచ్చిందే గిది. ఇంక దీనికి పసుపేందే?"

"పానం తెచ్చింది గూడ గిదే గద. అమ్మతల్లి ఒంటిమీద పోస్తె ఏం జేస్తం? మొక్కి సాగనంపుతం గాని తిడ్తమా?"

పసుపు పెట్టింది. ఈసారి కాగితం జోలికి మాత్రం పోలేదు.

పొద్దు గూకే వేళ వెంకట్రాజం తీర్పు కాగితం పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చుని చదివాడు. "సదరు మొండయ్యకు మద్యం అలవాటు లేదని, ఆ ఆరోపణ అబద్ధమని నిర్ధారించడమైనది." మొండయ్య ఇంకోసారి చదవమన్నాడు. చదివాడు. మొండయ్య కళ్లు తుడుచుకుని, "మల్లొక్కసారి" అన్నాడు.

యాకమ్మ వాకిట్లోకి వచ్చి, సందులోకి చూస్తూ చెప్పింది.

"జర గట్టిగ సదువు తమ్మీ. నర్సయ్య ఇల్లు నాలుగిండ్ల అవుతల ఉన్నది."