డ్రిల్లు మేడం ముఖం

మా డ్రిల్లు మేడం పోయారు. ధర్మవరం నుంచి వాళ్లాయన ఫోన్ చేసి, "మీ మేడం పోయిందమ్మా" అన్నప్పుడు, "ఎక్కడికి సార్?" అని అడిగాను. నిజంగానే అర్థం కాలేదు. ముందురోజు సాయంత్రమే నాతో మాట్లాడారు. మా బడి పిల్లలు ఖోఖోలో ఓడిపోయారని చెబితే, "ఓడిపోనీలేమ్మే, బాగా పరిగెత్తినారా లేదా?" అని నవ్వారు. తెల్లారి కాఫీ తాగుతూ కుర్చీలోనే వాలిపోయారట. గుండెపోటు. రోజూ నడిచే మనిషి, ఒక్క మాత్ర వేసుకోని మనిషి. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు నమ్మకం కలగడం లేదు.

తొంభైల్లో హిందూపురంలో ఆమె దగ్గర ఆటలు నేర్చుకున్నాను. పిల్లలందరినీ చెట్టునీడన నిలబెట్టి, తాను మాత్రం ఎండలో నిలబడి విజిల్ వేసేవారు. "మేడం, మీరూ ఈడికి రాండి" అంటే, "నేను నీడకొస్తే మీరు కూర్చుంటారు" అనేవారు. అలా ఏళ్ల తరబడి నిలబడి నిలబడి చెంపల మీద మంగు కమ్మింది. నుదుటి మీద నల్లమచ్చలు, కళ్ల పక్కన ముడతలు. ఉన్న వయసుకన్నా పదేళ్లు పెద్దగా కనిపించేవారు.

తర్వాత నేను పెనుకొండ బడిలో లెక్కల టీచరుగా చేరేసరికి ఆమె కూడా బదిలీ మీద అక్కడే ఉన్నారు. ఇద్దరం హిందూపురం నుంచి ప్యాసింజరులో వెళ్లివచ్చేవాళ్లం. ఒకరోజు రైల్లో ఉన్నట్టుండి, "నేను పెండ్లి చేసుకుంటాండా" అన్నారు. యాభై దాటాయి ఆమెకి. పెళ్లికొడుకు ఆ లైన్లోనే గార్డుగా పనిచేసి రిటైరైన ధర్మవరం ఆయన. భార్య పోయి చాలా కాలమైంది. ఇన్నేళ్లూ ప్లాట్‌ఫాం మీద పలకరించుకుంటూ, చివరికి ఆయనే అడిగారట.

"ఇంకోటి. మచ్చలు పోయేకి మొగానికి వెలుగు పెట్టించుకోవల్ల. బెంగుళూరికి నువ్వూ రా" అన్నారు.

స్టాఫ్‌రూంలో విషయం తెలిసి ఒకావిడ, "ఈ వయసులో ఏం సోకు మేడం?" అంది.

"సోకే. నాకుండకూడదా?" అన్నారు మేడం, టిఫిన్ డబ్బా మూత తీస్తూ.

బెంగుళూరు క్లినిక్‌లో మొదటిసారి బాగానే జరిగింది. ముఖానికి చల్లటి జెల్ పూసి, కళ్లకి నల్ల అద్దాలు పెట్టి, చేతిలో పట్టే యంత్రంతో మెరుపులు కొట్టారు. ప్రతి మెరుపుకీ రబ్బరుబ్యాండు లాగి కొట్టినట్టుందన్నారు. వారం రోజుల్లో మచ్చలు కాఫీపొడిలా నల్లబడి రాలిపోయాయి. కింద తేటగా చర్మం. ఆమె అద్దం చూసుకోవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

రెండోసారికి ముందు పెనుకొండలో ఆటల పోటీలు వచ్చాయి. మేడం రోజంతా ఎండలోనే. మర్నాడే క్లినిక్‌కి. యంత్రం దగ్గర కొత్త అమ్మాయి. ఎండలో తిరిగారా అని అడగలేదు. "మంట ఎక్కువుండాది పాపా" అని మేడం అంటే, "కొంచెం ఓర్చుకోండి మేడం" అంది. పక్కన కూర్చున్న నాకు ఏదో కాలిన వాసన వచ్చింది.

రైలు హిందూపురం చేరేసరికి మేడం చెంపలు ఉబ్బాయి. మర్నాడు వాళ్లింటికి వెళ్లి తలుపు తట్టాను. మేడమే తెరిచారు. రెండు చెంపల మీదా, యంత్రం ఆనించిన చోటల్లా, అగ్గిపెట్టె అచ్చులు వరసగా వేసినట్టు గోధుమరంగు గళ్లు. పెళ్లికి ఇంకా మూడు వారాలు కూడా లేవు.

మేడం ఏడవలేదు. అది చూసే నాకు భయం వేసింది. "ధర్మవరం పోయి ఆయనకి చూపించేసి వస్తా. వద్దంటే ఒక్క ముక్కతో అయిపోతాది" అన్నారు. కొంగు కప్పుకోమంటే వినలేదు. అలాగే రైలెక్కారు.

సాయంత్రం తిరిగొచ్చి మంచం మీద కూర్చున్నారు.

"యాడికి పోయినావు, ఎందుకు పోయినావు, ఏమీ అడగలేదమ్మే. 'నొప్పిగా ఉండాదా?' అన్నాడు. అంతే." అప్పుడు ఏడ్చారు.

పెళ్లిఫోటోల్లో ఆ గళ్లు స్పష్టంగా ఉన్నాయి. ఒక్క ఫోటో కూడా దాచలేదు ఆమె. తర్వాత అనంతపురంలో చర్మం డాక్టరు చెప్పారట, ఎండకి కమిలిన చర్మం మీద ఆ వెలుగు పడకూడదని, మన రంగు చర్మానికి ముందు చెవి కింద చిన్నచోట వేసి చూడాలని. గళ్లు పోవడానికి ఏడాది పైనే పట్టింది. అప్పటినుంచి ఏ అమ్మాయి ముఖానికి ఏం పెట్టించుకుంటానన్నా, "పెట్టించుకో. ముందు చెవి కింద చూడమను" అనేవారు. వద్దని మాత్రం ఎవరికీ చెప్పలేదు. రిటైరయ్యే లోపు డ్రిల్లు పీరియడ్‌ని పొద్దున మొదటి గంటకి మార్పించారు.

వార్త తెలిసి ధర్మవరం వెళ్లాను. ఇంటి ముందు షామియానా కింద పడుకోబెట్టారు. నిద్రపోతున్నట్టే ఉన్నారు. నేను కాళ్ల దగ్గర కూర్చుండిపోయాను. పొద్దెక్కాక షామియానా చిరుగులోంచి ఎండ ఆమె చెంప మీద పడింది. అంతవరకూ గోడకి ఆనుకుని ఉన్న వాళ్లాయన లేచి వచ్చి, ఎండకి అడ్డంగా నిలబడ్డారు. ఎవరో కుర్చీ తెచ్చారు. కూర్చోలేదు. ఎండ జరిగినప్పుడల్లా ఆయనా కొంచెం జరిగారు.