బుట్ట పట్టనన్న చెంచమ్మ

పందొమ్మిది వందల అరవై మూడులో నర్సుగా నా మొదటి పోస్టింగు పులికాట్ సరస్సు ఒడ్డున, సూళ్లూరుపేటకు ఎడంగా ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పడింది. మాది బుచ్చిరెడ్డిపాలెం. వరిచేలు తప్ప ఉప్పునీళ్ళు ఎరగను. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే గొంతు పెగిలేది కాదు. పగలు అనలేకపోయిన మాటలన్నీ రాత్రి డైరీలో రాసుకునేదాన్ని. ఆ కాగితాల మీద మాత్రం మహా ధాటిగా మాట్లాడేదాన్ని.

మా కేంద్రంలో ఔట్ పేషెంట్, అంటే వచ్చి చూపించుకుని వెళ్ళిపోయే రోగుల వరస, పొద్దున్నే మొదలయ్యేది. డాక్టరు గారు ఒక్కరే. మంచివారే, కానీ తల ఎత్తే తీరిక ఉండేది కాదు. "ఏం బాధ?" అని అడుగుతారు. రోగి చెప్పిన మాటే కంప్లయింట్. దాన్నిబట్టే మందు. చెప్పగలిగిన వాళ్ళకు ఈ పద్ధతి బాగానే ఉండేది.

ఒకరోజు పోలయ్య అనే అతను, భార్య రవణమ్మతో కలిసి తన చెల్లెలిని తీసుకొచ్చాడు. ఆమె పేరు చెంచమ్మ. ముప్పై ఏళ్ళుంటాయి. పుట్టినప్పటినుంచీ బుద్ధి ఎదగలేదు. నాలుగైదు మాటలకు మించి రావు. అయినా సరస్సులో రొయ్యలు పట్టడంలో ఇంటిల్లిపాదిలోకీ ఆమే మెరుగట. అలాంటిది, కొన్నాళ్ళుగా నీళ్ళలోకి దిగనంటోంది, బుట్ట చేతికిస్తే విసిరికొడుతోంది, అన్నం ఉమ్మేస్తోంది, దగ్గరికి పోతే కరుస్తోంది.

"పిచ్చి ముదిరిపొయ్యింది సార్" అన్నాడు పోలయ్య.

డాక్టరు గారు ఆమెనే అడిగారు. కడుపునొప్పా అంటే "ఆఁ" అంది. తలనొప్పా అంటే "ఆఁ" అంది. ఏమీ లేదా అంటే దానికీ "ఆఁ" అంది. వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. డాక్టరు గారు బ్రోమైడ్ మిక్చర్ రాశారు. మనిషిని మగతలో ఉంచే మందు అది. సీసా నింపి ఇచ్చింది నేనే.

తర్వాతి వారం మళ్ళీ వచ్చారు. మోతాదు పెరిగింది. ఆ పైవారం చెంచమ్మ తూలుతూ వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, నోటివెంట చొంగ కారుస్తూ నిద్రపోయింది. మద్రాసు పిచ్చాసుపత్రిలో చేర్చడానికి చీటీ రాసిమ్మని పోలయ్య అడిగాడు. వచ్చేవారం రాస్తానన్నారు డాక్టరు గారు. పోలయ్య వాళ్ళ పెదనాన్న కొడుకును కూడా ఇలాగే ఎక్కడో దూరపు ఊళ్ళో వదిలి వచ్చారని, మళ్ళీ చూడబోయినవాళ్ళు ఎవరూ లేరని రవణమ్మ నాతో మామూలుగా చెప్పింది, వాన పడలేదు అని చెప్పినట్టు.

ఒకసారి ఒళ్ళంతా పరీక్ష చేస్తే బాగుంటుందేమో అని డాక్టరు గారితో అన్నాను. "ముట్టుకుంటే కరిచే మనిషిని ఎక్కడని పరీక్ష చెయ్యమంటావమ్మా?" అన్నారు.

ఆ వారంలోనే మా హోం విజిట్, అంటే ఇళ్ళకు వెళ్ళి గర్భిణులనూ బాలింతలనూ చూసే పని, వాళ్ళ పాలెంలో పడింది. వెళ్ళేసరికి ఆడవాళ్ళు నడుము లోతు నీళ్ళలో వంగి ఉన్నారు. ఇక్కడ వల లేకుండా రొయ్యలు పట్టే పద్ధతి ఒకటుంది. రెండు చేతులతో అడుగు బురద తడుముతూ రొయ్యను పట్టుకుంటారు. పట్టినదాన్ని వేసుకోవడానికి చిన్న తాటాకు బుట్ట ఉంటుంది. చేతులు ఖాళీ ఉండవు కనుక బుట్ట తాడును పళ్ళతో కరిచి పట్టుకుంటారు.

నన్ను చూసి రవణమ్మ ఒడ్డుకొచ్చింది. నేనేదో అడిగాను. ఆమె చెయ్యెత్తి ఆగమని సైగ చేసి, నోట్లోంచి తాడు తీసి, ఉప్పునీళ్ళు ఉమ్మి, అప్పుడు మాట్లాడింది. నేను ఆమె ఏం చెప్పిందో వినలేదు. ఆ తాడునే చూస్తున్నాను.

"చెంచమ్మ కూడా ఇట్లాగే పళ్ళతో పడుతుందా?"

"మరెట్టా పడతాది నర్సమ్మా? చేతులు రెండూ బురదలోనే గదా."

"అన్నం ఉమ్మేస్తుందన్నావే, గంజి తాగుతుందా?"

"గంజయితే కడవెడు తాగతాది. ముద్ద పెడితేనే రాగం తీస్తాది."

"ఈ మాట ఆసుపత్రిలో ఎందుకు చెప్పలేదు?"

"ఎవురడిగినారు? పిచ్చికని వొచ్చినోళ్ళం, బుట్ట సంగతి సారుకి జెప్తే నవ్వరా?"

ఆమెను కోప్పడాలో, డాక్టరు గారిని కోప్పడాలో, మిక్చర్ పోసిన నా చేతినే కోప్పడాలో తెలియలేదు.

చెంచమ్మ గుడిసె నీడలో కూర్చుని ఉంది. వదిన బుట్ట చాపగానే మొహం తిప్పేసుకుని, ఎడమ దవడ మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. దవడ కింద వాపు కనిపిస్తూనే ఉంది.

మర్నాడు డాక్టరు గారికి ఆ దవడ వాపు సంగతి చెప్పాను. మొదటిసారి వినపడలేదు. రెండోసారి ఆయన బల్ల ముందుకు వెళ్ళి చెప్పాను. తీసుకురమ్మన్నారు. కానీ చెంచమ్మ మా గేటు చూడగానే వెనక్కి పరుగెత్తింది. రోగి రాకపోతే తానేం చేస్తానన్నారాయన. మశూచి టీకాలకు ఎలాగూ జీపు అటే వెళ్తుంది కదా, అక్కడే చూడండి అన్నాను. ఆయన నావైపు వింతగా చూశారు. వచ్చారు, కాకపోతే దారిపొడుగునా గొణుగుతూనే వచ్చారు.

చెంచమ్మ మోకాలి లోతు నీళ్ళలో పడవ పట్టుకుని నిలబడింది, ఎంత పిలిచినా ఒడ్డుకు రాలేదు. "మీరే దిగండి సార్, అది రాదు" అంది రవణమ్మ. బూట్లు విప్పమని ఎవరూ చెప్పలేదు, ఆయనకూ తోచలేదు. బూట్లతోనే దిగారు. ముందు రవణమ్మ తన నోరు బార్లా తెరిచింది. డాక్టరు గారు ఆమె పళ్ళన్నీ తీరిగ్గా చూశారు. చెంచమ్మ తొంగిచూసింది. తర్వాత తనూ తెరిచింది.

కింది దంతాలు రెండు పుచ్చి, చిగుళ్ళ నిండా చీము. యాబ్సెస్ అంటారు దాన్ని. ఆయన బ్రోమైడ్ ఆపమన్నారు. కొన్ని రోజులు నేనే వెళ్ళి పెన్సిలిన్ ఇంజెక్షన్లు చేశాను. వాపు తగ్గాక డాక్టరు గారు మళ్ళీ వచ్చి, చిగురు మొద్దుబారడానికి సూదిమందు పొడిచి, ఆ పడవ అంచునే పట్టకారులాంటి ఫోర్సెప్స్‌తో రెండూ పీకేశారు. చెంచమ్మ తల రవణమ్మ ఒళ్ళో ఉంది. తిరిగి వచ్చేటప్పుడు జీపులో ఆయన అన్నది ఒక్కటే, "ఆ మద్రాసు చీటీ అక్కర్లేదులే."

చెంచమ్మ మళ్ళీ రొయ్యలకు దిగుతోందని విని ఆ నెల వాళ్ళింటికి వెళ్ళాను. పోలయ్య మొహం వేళ్ళాడేసుకుని ఉన్నాడు.

"పళ్ళు పీకినాక బుద్ధి గూడా వొస్తాదనుకున్యాం నర్సమ్మా. అది రాలేదే."

రానే రాదని చెప్పాను. పుచ్చిన పన్ను వేరు, ఎదగని బుద్ధి వేరు అని చెప్పాను. అతను నమ్మినట్టు లేదు.

"నీకుండాదిగా బుద్ధి, బుట్టెడు రొయ్యలు దెచ్చినావా ఒకనాడన్నా?" అంది లోపలినుంచి రవణమ్మ.

బుద్ధి ఎదగని మనిషి ఆసుపత్రికి వస్తే మాకు ఆ బుద్ధి ఒక్కటే కనబడుతుంది. ఆ మనిషికీ పళ్ళుంటాయని, చెవులుంటాయని, కడుపుంటుందని గుర్తురాదు. చెంచమ్మ తర్వాత నేను అలాంటివాళ్ళను వరసలోంచి పక్కకు పిలిచి, వెంట వచ్చినవాళ్ళను మొదట ఒకటే అడుగుతున్నాను: ఈ మనిషి ఇదివరకు చేసే పనుల్లో ఈ మధ్య ఏది మానేసింది? దువ్వెన తగలనివ్వడం లేదంటే చెవి చూస్తాను. రాత్రిళ్ళు నిద్ర మానేసి, చెంబు పట్టుకుని మాటిమాటికీ బయటికి పోతోందంటే మూత్రం పరీక్షకు పంపిస్తాను. అన్నిసార్లూ ఏదో ఒకటి దొరుకుతుందని కాదు.

ఆ డాక్టరు గారు బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినవారు నా ప్రశ్నలు విని, దీనివల్ల వరస ఆలస్యమవుతోందన్నారు. అవుతుందండీ అని ఒప్పుకున్నాను. ఒప్పుకుని, తర్వాతి మనిషిని అడగడానికి వెళ్ళాను.