నెత్తి మీద కరిగిపోయిన వ్యవస్థాపకులు

అప్పట్లో మా సీమలో జూన్ నెల వచ్చిందంటే రెండు రకాల మనుషులు వీధిన పడేవాళ్ళు. విత్తనాల కోసం రైతులు, అడ్మిషన్ల కోసం ప్రైవేటు బడుల అయ్యవార్లు. రైతు కనీసం తలెత్తి ఆకాశాన్ని తిట్టుకోగలడు. మాకు ఆ సుఖం కూడా లేదు, కరస్పాండెంటును పైకి తిట్టలేం కదా. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఇరవై మూడేళ్ళ వయసులో, తెలుగు ఎం.ఏ.లో ఫస్టు క్లాసు, దాని మీద బి.ఎడ్., దాని మీద కొండంత పొగరు వేసుకుని నేను ఆ బళ్ళో చేరినప్పుడు, నాకు నవ్వు వచ్చేది ఎదుటివాళ్ళను చూసి మాత్రమే. లోకంలో నాకు తెలియనిది లేదు, నా అంత తెలిసినవాడు లేడు. అటువంటివాడిని నెత్తి మీద పీట పెట్టి, ఎర్రకోటు తొడిగి, బ్యాండుతో ఊరేగించిన కథ ఇది.

బడి రాయదుర్గం వైపు ఒక చిన్న టౌనులో ఉండేది. (పేరు చెప్పను. ఆ గేటు ముందర నుంచే ఇప్పటికీ బస్సులో పోతుంటాను.) బయట బోర్డు మీద ‘ఇంటర్నేషనల్’ అని ఉండేది, లోపల కుళాయిలో నీళ్ళు ఉండేవి కావు. కరస్పాండెంటు వాళ్ళ నాయన చుట్టుపక్కల పల్లెలన్నిటికీ కిరోసిన్ అమ్మిన డీలరు. ఊళ్ళోకి గ్యాసు వచ్చాక కిరోసిన్ బేరం పడిపోయి, తండ్రీ కొడుకులు చదువుల బేరంలోకి దిగారని స్టాఫ్ రూములో చెప్పుకునేవాళ్ళం. ఆ పెద్దాయన ఏ బడి మెట్లూ ఎక్కిన మనిషి కాదు, అయినా పోయాక ‘వ్యవస్థాపకులు’ అయ్యాడు. ఇక కొడుకు పద్ధతి ఏమిటంటే, వేసవిలో ఒక్కో సారూ పదిమంది పిల్లల్ని చేర్పించాలి. “పదిమందిని తెచ్చినోడే బడి తెరిచినాక లోపల కాలు పెట్టాల. తొమ్మిది మందిని తెచ్చినోడు గేటు బయట నిలబడి పిల్లోళ్ళకు టాటా చెప్పుకోవచ్చు,” అనేవాడు. నాకు ఎనిమిది మంది అయ్యారు. ఇంకా రెండు తలకాయలు కావాలి. ఉద్యోగం పోతే నాకంటే మా నాయనకు ఎక్కువ నష్టం. కణేకల్‌లో శెనిక్కాయ విత్తనాలకు నిలబడినప్పుడు “మావాడు ఇంగ్లీషు మీడియం సారు” అని చెప్పి ఆయన క్యూలో నాలుగు అడుగులు ముందుకు జరుగుతుండేవాడు.

అంతలో పక్కవీధి బడివాళ్ళు తప్పెట్లతో ఊరేగింపు తీశారని కబురొచ్చింది. మా కరస్పాండెంటుకు ఒళ్ళు మండింది. “వాళ్ళు తప్పెట్లు కొడితే మనము బ్యాండు కొడదాము,” అన్నాడు. బ్యాండు సామాను ఉంది, వాయించే పిల్లలు సెలవుల్లో ఉన్నారు. మిగిలింది మేమే. ఆ ఎర్రకోట్లు, వాటి పసుపు పట్టీలు, అన్నీ తొమ్మిదో తరగతి పిల్లల కొలతలు. మా లెక్కల సారు బొత్తాలు పెట్టుకోవడానికి ఊపిరి వదిలేవాడు, మళ్ళీ ఊపిరి తీసుకోవడానికి బొత్తాలు విప్పేవాడు. నా కోటు చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. ఎం.ఏ. పట్టా పుచ్చుకున్న నాడు ఈ దరిద్రం కలలోకి వచ్చి ఉంటే అక్కడే ఆ పట్టా తిరిగి ఇచ్చేసేవాణ్ణి.

మాకు నేర్పడానికి పెళ్ళిళ్ళ మేళంలో క్లారినెట్ వాయించే ఒకాయనను పిలిపించారు. మేము బూరన్న అనేవాళ్ళం. ఆ నెల మూఢం, పెళ్ళిళ్ళు లేవు. మేళంలో మిగతావాళ్ళంతా బెంగుళూరుకు కట్టడాల పనికి పోయారు, ఊపిరితిత్తులు తప్ప వేరే పనిముట్టు లేదని ఈయన ఒక్కడు ఉండిపోయాడు. ఐదో తరగతి దాటని మనిషి ఏడుగురు పట్టభద్రులకు పాఠం చెప్పడమేమిటని నేను మొదటి రోజే మూతి విరిచాను. ఆయన పట్టించుకోలేదు. డోలు ఇచ్చి చూశాడు, తాళాలు ఇచ్చి చూశాడు. రెండో రోజు సాయంత్రం అందరి ముందరే చేతులెత్తేశాడు. “సారూ, నీ చేతులు ఒకటి చెప్తే కాళ్ళు ఇంకోటి చెప్తాండాయి. తాళాలిస్తే ఏళ్ళు నలుపుకుంటివి. నీకు నేనేమియ్యాల?”

“నెత్తి ఉండాది కదప్పా వానికి?” అన్నాడు అప్పుడే వచ్చిన కరస్పాండెంటు.

ఆ నెత్తి మీదికి ఏం రాబోతున్నదో అప్పటికి నాకు తెలియదు. కరస్పాండెంటు వాళ్ళ నాయన విగ్రహం బడి ముందర పెట్టాలని చాలా రోజుల నుంచి కలలు కంటున్నాడు. పాలరాయికి చెయ్యి రాలేదు కాబట్టి డ్రాయింగ్ సారుకు చెప్పి చెరువు మట్టితో చేయించాడు. తలా, భుజాలూ, తలకు రుమాలూ, నల్లరంగు పూసిన ఇంత లావు మీసాలూ. పోలిక బాగానే కుదిరిందని అందరూ అన్నారు, అనక ఏం చేస్తారు. ఆ విగ్రహాన్ని పీట మీద పెట్టి, బ్యాండు ముందర నేను మొయ్యాలి. పైగా “పెద్దాయన్ను మోస్తాండావు, చెప్పులు విడువు,” అని ఆజ్ఞ. మట్టి ఎండకు నెర్రెలిస్తుందేమోనని డ్రాయింగ్ సారు భుజాలకు తడిగోనె చుట్టి, పీట చుట్టూ వేపమండలు దట్టంగా కట్టాడు. అద్దంలో చూసుకుంటే నడిచిపోతున్న వేపచెట్టులా ఉన్నాను.

పొద్దున ఏడుకు బయలుదేరాల్సిన ఊరేగింపు, కరస్పాండెంటు పంచె ఇస్త్రీ అయ్యేసరికి పదిన్నర అయింది. జూన్ వచ్చినా చినుకు లేదు. గుంటక తోలిన చేలు ఎర్రగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. తారురోడ్డు మీద నా పాదాలు పెనం మీది రొట్టెల్లాగా అటొకసారి ఇటొకసారి తిరగబడుతున్నాయి. ఇత్తడి బూరలు మూతికి పెట్టుకుంటే పెదవి కాలి అంటుకుంటోంది. మొదటి పల్లెలో కుక్కలు తప్ప ఎవరూ బయటికి రాలేదు, అవి కూడా నీడ వదిలి రాకుండా పడుకున్న చోటనే మొరిగాయి. కరస్పాండెంటు మాత్రం వెనక కారులో ఏసీ వేసుకుని వచ్చి, ఆ ఊరి పెద్దమనిషి ఇంట్లో మజ్జిగకు ఆగిపోయాడు. “మీరు పోతాండండి, నేనొస్తా,” అన్నాడు. ఏడుగురు సార్లం, ఒక బూరన్న, ఒక బ్యానరు, ఒక కట్ట అడ్మిషన్ కరపత్రాలు, నెత్తి మీద ఒక కిరోసిన్ డీలరు, ఇలా గుమ్మఘట్ట పక్కనున్న రెండో పల్లె పొలిమేర తొక్కాము.

మొదటి ఇంటి ముందర ఒక అవ్వ నిలబడి ఉంది. మమ్మల్ని కింది నుంచి పైదాకా చూసింది. చూసి, లోపలికి తిరిగి గట్టిగా ఒక్క కేక వేసింది. “మళెరాయ వచ్చినాడమ్మో! బిందెలు తేండే!”

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మా వైపు వానలు ఎగబెడితే వానదేవుణ్ణి మట్టితో చేసి, పీట మీద పెట్టి, వేపమండలు కట్టి, చెప్పుల్లేకుండా ఒకడు నెత్తిన పెట్టుకుని మేళంతో ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటివాళ్ళూ దేవుడి మీదా, మోసేవాడి మీదా బిందెడు నీళ్ళు పోసి, చాటలో ఇన్ని గింజలు పెడతారు. కన్నడం మాట్లాడే ఇళ్ళలో ఆయన్నే మళెరాయ అంటారు. ఎండలో కాళ్ళు కాలుతూ, నెత్తిన మట్టిబొమ్మా వేపాకూ పెట్టుకుని, బ్యాండుతో వచ్చిన నన్ను చూసి ఇంకేమనుకుంటారు? ఎల్‌కేజీ అడ్మిషన్లనుకుంటారా? పల్లెటూరి జనం, వీళ్ళకు బ్యానరు చదవడం కూడా రాదు అని నేను లోపల్లోపల ఈసడించుకుంటూ ఉండగానే మొదటి బిందె నా మీద కుమ్మరించారు.

అబ్బ! ఆ నీళ్ళు నడినెత్తిన పడి వెన్నులోకి దిగిన సుఖం ఇవాళ్టికీ మర్చిపోలేదు. కానీ రెండో బిందె పడేసరికి సిగ్గు వేసింది. ఆ ఊరికి నాలుగు రోజులకొకసారి ట్యాంకరు వస్తుంది, ఇంటికి ఇన్ని బిందెలని లెక్క. మాదీ అటువంటి ఊరే, ఆ బిందె విలువ నాకు తెలుసు. ఇంటింటి నుంచీ ఆడవాళ్ళు ఆ నీళ్ళే మోసుకొచ్చి పోస్తున్నారు. నేను నోరు తెరిచి, “అవ్వా, ఇది వానదేవుడు కాదు…” అనబోయాను. బూరన్న క్లారినెట్ నోట్లోంచి తీసి నా డొక్కలో పొడిచాడు.

“ఏమప్పా, నోరు మూసుకోని పోయించుకో. ఈ కరువు నేలలో ఊరికే బిందె నీళ్ళు ఎవురికి పోస్తారు? దేవునికొక్కనికే.”

“మోసం కదన్నా ఇది?”

“మోసమంటే మీ సార్లు పొద్దున నుంచి పంచుతాండారే, ఆ కాయితాల్లో రాసినారు చూడు, అది.”

అని, అంతదాకా వాయిస్తున్న పెళ్ళిపాట ఆపేసి వానదేవుడి మేళం ఎత్తుకున్నాడు. మా లెక్కల సారు డోలు, మూడు రోజుల్లో మొట్టమొదటిసారి తాళంలో పడింది. ఈలోగా నా నెత్తి మీద వ్యవస్థాపకులకు కాలం దగ్గర పడింది. ముందుగా మీసాలు కరిగి నల్లటి చారలుగా నా బుగ్గల మీదికి దిగాయి. తర్వాత ముక్కు జారి నా భుజం మీద కూర్చుంది. తలరుమాలు కళ్ళలో పడింది. అడ్మిషన్ కరపత్రాలు ముద్దయి డ్రాయింగ్ సారు చేతికి అంటుకుపోయాయి.

సరిగ్గా అప్పుడు కారు వచ్చింది. కరస్పాండెంటు దిగి, చూసి, రెండు చేతులూ గాలిలోకి ఎత్తి అరిచాడు. “అయ్యో, మా నాయనప్పా! అది మా నాయన!”

“అవును నాయనా,” అంది అవ్వ నిదానంగా. “నీకొక్కనికే యాడప్పా? ఊరందరికీ నాయనే. పొయ్యండే ఇంకో బిందె!”

ఆ బిందెలో సగం ఇస్త్రీ పంచె మీద పడింది. టౌను నుంచి సొంత మేళంతో వానదేవుణ్ణి తెచ్చిన పుణ్యాత్ముడని ఎవరో ఆయన మెడలో పూలమాల వేశారు. రాబోయే ఎన్నికల్లో ఆ ఊరి ఓట్ల మీద ఆయనకు కన్నుంది. కాబట్టి కాదనలేక, తడిసిన కోడిలా నిలబడి అందరికీ దండం పెట్టాడు. పెడుతూనే పళ్ళ మధ్య నుంచి నాతో అన్నాడు, “రేపు ఇదే ఊళ్ళో రెండు అడ్మిషన్లు తేవాల నువ్వు. తేకుంటే బడికి రావాకు.”

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు ఒంటరిగా వెళ్ళాను. కోటు లేదు, సంచిలో రెండు దరఖాస్తులు. అవ్వ గుమ్మం ముందర కూర్చుని విత్తనానికి శెనిక్కాయలు ఒలుస్తోంది. ఉద్యోగం సంగతి తర్వాత, ముందు ఈ అమాయకులకు నిజం చెప్పి పుణ్యం కట్టుకుందామనుకున్నాను. (అందులోనూ పొగరే చూడండి.) “అవ్వా, నిన్న వచ్చింది వానదేవుడు కాదు. అది మా కరస్పాండెంటు నాయన బొమ్మ,” అన్నాను.

అవ్వ తల కూడా ఎత్తలేదు. “తెలుసులేప్పా. కిరోసిన్ డీలరు గదా. జీవితమంతా నీళ్ళు కలిపి పోసినాడు మాకు, ఆ మీసము మర్సిపోతామా?”

“మరి తెలిసీ అన్ని బిందెలు ఎందుకు పోసినారవ్వా? ట్యాంకరు నీళ్ళు కదా?” అన్నాను.

“మీ మొగాలు చూస్తిమి. ఆ ఎండలో కోట్లేసుకోని, కోళ్ళ మాదిరి నోరు తెరుసుకోని వస్తాంటిరి. దారిలో పడి సస్తారనుకుంటిమి. ఊరికే నీళ్ళు పోసుకోండప్పా అంటే సార్లు గదా, రోషము పడతారు. దేవుడంటే ఎవురూ కాదనరు.” కాయలు చాటలో వేసి, చేతులు దులుపుకుంది. “మీకు పోస్తే పుణ్యము, ఆయప్పకు పోస్తే వాన. రెండిట్లో ఒకటన్నా దొరకదా? ఇంతకీ ఏమి పని మీద వచ్చినావు?”

“ఏమీ లేదవ్వా,” అన్నాను. సంచి తెరవలేదు. ఆమె చేతికి అందినన్ని కాయలు నా జేబులో పోసి పంపింది. తిరుగు బస్సులో అవి తింటూ కూర్చున్నాను. ఊరంతా కలిసి నా మీద జాలిపడిందని, నేను వాళ్ళను చూసి ఈసడించుకున్నానని తలుచుకుంటే ఒళ్ళు కుంచించుకుపోయింది. ఆ రోజు నా మీద నాకు కలిగిన అసహ్యం లాంటిది మళ్ళీ ఎవరి మీదా కలగలేదు. లెక్క ఎనిమిది దగ్గరే ఆగిపోయింది, నా ఉద్యోగమూ అక్కడే ఆగిపోయింది. ఆ యేడు విత్తనాల క్యూలో మా నాయనతోపాటు నేనూ చివరే నిలబడ్డాను. వాన ఆ వారం పడలేదు, ఆ నెలలోనూ పడలేదు.

ఇప్పుడు నేను సర్కారు బడి అయ్యవారిని. పిల్లల్ని మా బడికి పంపండి అని మాకూ ప్రతి జూన్‌లో ఊరేగింపు ఉంటుంది, తప్పెట వెనక నేనూ నడుస్తుంటాను. పోయిన జూన్‌లో ఒక సందు మలుపులో ఒక ప్రైవేటు బడి బ్యాండు మాకు ఎదురైంది. అవే ఎర్రకోట్లు, అదే ఎండ, అదే తాళం తప్పిన డోలు. ముందు నడుస్తున్న కుర్ర సారు, తల నెరిసి తప్పెట వెనక పోతున్న నన్ను చూసి మూతి ఒక పక్కకు విరిచి నవ్వాడు. ఆ విరుపు చూడగానే గుర్తుపట్టాను, కచ్చితంగా ఎం.ఏ. ఫస్టు క్లాసే. కోపం రావాల్సింది, రాలేదు. పాపం, నవ్వనీలే అనుకున్నాను. వాడి మీద ఇంకా ఎవరూ నీళ్ళు పోసి ఉండరు.