జేబులో కుడిచెయ్యి

మంచి ఉద్దేశంతో, మంచి స్లైడ్లతో ఒక మంచి సంస్థను నిలువునా ఎలా ముంచవచ్చో తెలుసుకోవాలంటే నన్నడగండి. అప్పట్లో నేను సింగపూర్‌లో వారమంతా కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు చిన్న చిన్న సేవాసంస్థలకు ఉచితంగా ట్రైనింగ్ ఇచ్చేవాణ్ణి. ఉచితం కాబట్టి ఎవరూ ఆపేవారు కాదు.

అక్కడి టోవా పాయో పేటలో సరోజ ఆంటీ నడిపే సంస్థ అలా నా చేతికి చిక్కింది. ఆంటీ మలేసియాలో పుట్టిన తెలుగావిడ. పనిలో దెబ్బలు తగిలిన మనవాళ్లకు అపార్ట్‌మెంట్ల బ్లాకు కింద ఒక గదిలో ఆదివారం భోజనం పెట్టేది. మిగతా రోజుల్లో వాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లి, డాక్టరు చెప్పింది తెలుగులో చెప్పేది. ఆ గది ఒక ట్రస్టువాళ్లది. దాన్ని ఆంటీకే ఉంచాలా, ఖాళీ చేయించాలా అన్నది తేల్చడానికి ట్రస్టు నుంచి లిం మేడమ్ వస్తున్నట్టు కబురొచ్చింది. గది పోతే సంస్థ కూడా పోయినట్టే.

"తంబీ, ముందు మకాన్ చెయ్. పాఠం తర్వాత చెబుదువు," అంటూ ఆంటీ నా లాప్‌టాప్ జరిపి అన్నం పళ్లెం పెట్టింది.

"తినే టైం లేదాంటీ. వచ్చే ఆవిడకి కాగితాలు చూపిస్తే లాభం లేదు. మనిషిని చూపించాలి. కష్టం కళ్లకు కట్టాలి," అన్నాను. స్లైడ్ మీద కూడా అదే ఉంది, ఎర్ర అక్షరాల్లో.

చూపించడానికి మల్లేశ్‌ని ఎంచుకున్నాను. జగిత్యాల వైపు మనిషి. షిప్‌యార్డ్‌లో ఇనుప రేకు పడి కుడిచెయ్యి నలిగింది. మణికట్టు దాకా కట్టు. రిహార్సల్లో అద్భుతంగా చెప్పాడు: దెబ్బ తగిలిన రోజు, నిద్రపట్టని నొప్పి, ఆసుపత్రిలో ఒక్క ముక్క అర్థంకాక బిక్కమొహం వెయ్యడం. ఆంటీ కొంగుతో కళ్లొత్తుకుంది. నేను మాత్రం, "బాగుంది, ఇంకొంచెం నెమ్మదిగా," అన్నాను.

అక్కడితో ఊరుకుంటే ఇది రాసే అవసరమే ఉండేది కాదు.

లిం మేడమ్ వచ్చింది. మాటలు తక్కువ మనిషి. ఆంటీ వేసిన కుర్చీలో కూర్చుంది. మల్లేశ్ నోరు తెరవబోతున్నాడు. సరిగ్గా అప్పుడే నా బుర్రలో దీపం వెలిగింది. కుటుంబాన్ని కూడా చూపిస్తే ఎలా ఉంటుంది?

"మల్లేశ్, ఇంటికి వీడియో కాల్ చెయ్యి."

"ఇప్పుడా సార్? వద్దు సార్."

"ఏం?"

"గట్లనే సార్... ఇంట్ల పనిల ఉంటది."

"మొహమాటపడకు. ఇటివ్వు, నేను కలుపుతా."

సార్ అన్న నోటితో కాదనలేకపోయాడు పాపం. ఫోనిచ్చాడు. కలిపి, పచ్చడి సీసాకి ఆనించి నిలబెట్టాను. తెర మీద ఆయన భార్య లక్ష్మి కనబడింది. ఆ క్షణంలోనే మల్లేశ్ కుడిచెయ్యి ప్యాంటు జేబులోకి వెళ్లిపోయింది. అంత కట్టు అందులో ఎలా పట్టిందో నాకిప్పటికీ తెలియదు.

"ఇక్కడ నీ జీవితం ఎలా ఉందో మేడమ్‌కి చెప్పు," అన్నాను గంభీరంగా.

మల్లేశ్ ఫోన్ వైపు చూసి నవ్వాడు. "మస్తుగున్నది సార్."

"రూం సంగతి చెప్పు."

"ఏసీ రూం సార్. చలి పెడ్తది."

"మరి తిండి?"

"దినాం చికెనే సార్. యాష్టకొస్తున్నది."

"కష్టాలు, మల్లేశ్, కష్టాలు!" అంటూ కన్ను కొట్టాను.

"ఏం కష్టం సార్? కూసోని చేసే పని. బరువు లేపుడే లేదు."

ఇవన్నీ నేను ఒక్కొక్కటిగా చక్కటి ఇంగ్లిషులో లిం మేడమ్‌కి వినిపించాను. విన్నది విన్నట్టు చెప్పాలని నా స్లైడ్ల మీదే ఉంది మరి. వెనకాల అన్నం గిన్నె దగ్గర, "అయ్యో కడవులే," అని ఆంటీ అరవంలో దేవుణ్ణి తలుచుకోవడం వినబడింది.

ఇంతలో లక్ష్మి, "గట్ల నిలవడ్డవేందయ్యా? మేడమ్‌కు దండం పెట్టు," అంది.

మల్లేశ్ ఎడమచేత్తో పోలీసులా సెల్యూట్ కొట్టాడు.

"గదేం దండం?"

"ఈడ గిట్లనే పెడ్తరే!"

ఆ చెయ్యి జేబులో ఎందుకుందో అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. ఆయన్ని కాపాడాలని నేనూ ఎడమచేత్తో సెల్యూట్ కొట్టాను. ఆంటీ గరిటెతోనే కొట్టింది. ఇది తెలుగువాళ్ల ఆచారం అనుకుందో ఏమో, లిం మేడమ్ కూడా లేచి నిలబడి ఎడమచేత్తో సెల్యూట్ చేసింది.

లక్ష్మి మురిసిపోయింది. "సార్, ఆడ గింత మంచిగుంటే మా తమ్మున్ని గూడ పిలిపియ్యరాదుండ్రి? మీ నంబరియ్యుండ్రి సార్." ఇచ్చాను. ఇవ్వక ఏం చెయ్యను?

ఫోన్ పెట్టేశాక మల్లేశ్ మెల్లగా చెయ్యి బయటికి తీశాడు. కట్టంతా నలిగిపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. "మాఫ్ చెయ్యుండ్రి సార్. ఆమెకు తెల్వదు. తెలిస్తే అన్నం ముట్టది." నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

లిం మేడమ్ ఆ కట్టు వైపే చూస్తోంది. "ఇంట్లో తెలియదా?" అని ఇంగ్లిషులో అడిగింది.

"తెలియదట మేడమ్."

"మరి ఫోన్ ఎవరు కలిపారు?"

నేను పైకప్పు చూశాను. ఆంటీ గరిటెతో నన్ను చూపించింది. మేడమ్ పళ్లెం అందుకుని, పప్పన్నం మారు వడ్డించుకుని తిని వెళ్లిపోయింది.

గది పోయిందనే అనుకున్నాం. నాకు ఆంటీ మొహం చూసే ధైర్యం లేదు. కొన్నాళ్లకు మేడమ్ నుంచి ఆంటీకి ఫోన్ వచ్చింది. "గది మీకే. అంత నొప్పిని జేబులో పెట్టుకుని నవ్విన మనిషిని చూశాక నాకింకేం చూపించక్కర్లేదు. ఒక్కటే షరతు. ఆ ట్రైనింగ్ అబ్బాయిని వడ్డనలో పెట్టండి."

అప్పటినుంచీ వడ్డనలోనే ఉన్నాను. అన్నం గరిటె చేతబట్టి, పచ్చడి సీసా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఎవరి కష్టాన్నీ వాళ్ల ఇంటివాళ్ల ముందు చెప్పించను. ఎవరి ఇంటికీ నేను ఫోన్ కలపను.

నాకు వచ్చే ఫోన్లను మాత్రం ఆపలేకపోతున్నాను. లక్ష్మి తమ్ముడు ఆదివారం తప్పకుండా చేస్తాడు.

"సార్, ఏసీ బాగ చలి పెడ్తదంట గద. స్వెటర్ కొనుక్కోవాల్నా?"