మా బావ నెత్తికెత్తుకున్న మనవాడు

మా బావ ట్యూషన్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. జవాబు సరిగ్గా వచ్చినా మధ్యలో ఒక్క మెట్టు ఎగ్గొడితే మార్కు కోసేస్తాడు. "ఎలా వచ్చింది? చూపించు" అన్నది ఆయన ఊతపదం. మరదల్ని కదా అని నన్నూ వదిలేవాడు కాదు. బస్సు ఆలస్యమైందంటే టికెట్ చూపించమనేవాడు.

ఆ బుద్ధితోనే బ్లాగు మొదలుపెట్టాడు. కొత్తగా వేశామని అప్పటి పాలకులు చెప్పుకున్న రోడ్డు మీద కూర్చుని, గోతిలో స్కేలు దించి ఫొటో తీసి పెట్టాడు. వీధంతా చదివింది. నేను ఆఫీసులో పక్క సీటావిడకి చూపించి, మా బావే అని గొప్పలు పోయాను.

తర్వాత ఎన్నికలొచ్చాయి. మా అక్క నర్సుగా పనిచేసే ప్రభుత్వాసుపత్రిలో కాన్పుల వార్డు ముందు ఓ కొత్త అభ్యర్థి నిలబడి, నేనుండగా దీన్ని మూయనివ్వనని మైకులో చెప్పాడు. అంతే, బావ అతన్ని నెత్తికెత్తుకున్నాడు. పేరుతో పిలవడం మానేసి 'మనవాడు' అనసాగాడు. ఆ మనవాడు బావ గుమ్మం తొక్కిన పాపాన పోలేదు. ఒక సభలో బావ భుజం మీద చెయ్యి వేశాడు. ఆ ఫొటో బ్లాగు పైకీ, హాల్లో టీవీ పైకీ ఎక్కింది.

మనవాడు గెలిచాడు. ఏడాది తిరక్కుండా ఆ వార్డుకే తాళం పడింది. మరమ్మతులట. మర్నాడు నొప్పులతో వచ్చిన ఒకామెను అక్క ఆటోలో ఎక్కించుకుని పెద్దాసుపత్రికి బయల్దేరింది. వంతెన మీద ట్రాఫిక్కులోనే కాన్పయింది. అక్క ఎంత ఊపిరి ఊదినా బిడ్డ ఏడవలేదు.

ఇంటికొచ్చి ఇదంతా బావకి చెప్పింది. నేనూ అక్కడే ఉన్నాను. ఆయన లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా "ఊఁ... అయ్యో" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. అప్పుడాయన రాస్తున్నదేమిటో వెనక నుంచి చూశాను. భవనం పాతదైందనీ, తల్లుల క్షేమం కోసమే మూశారనీ. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మరమ్మతులకి మేస్త్రీ ఎవరొచ్చారు బావా? చూపించు" అన్నాను.

"నీకు రాజకీయాలు తెలీవు. ఇప్పుడు మనమే నోరు పారేసుకుంటే అవతలివాళ్లు పండగ చేసుకుంటారు."

"మనం అంటే ఎవరు? ఆ ఆటోలో ఆవిడ మనది కాదా?"

కళ్లజోడు సర్దుకుని మళ్లీ టైపు చేశాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనేవాళ్లని చూశాను గానీ, నాలుగో కాలు తనే విరగ్గొట్టి లెక్క చెప్పేవాణ్ణి అప్పుడే చూశాను. మనవాడు ఇచ్చిన పదవి లేదు, పైసా లేదు. డబ్బుకి రాసినా ఇంత అసహ్యం వేసేది కాదేమో.

బ్లాగులో ఎవరు వ్యాఖ్య పెట్టినా బావ ఒప్పుకుంటేనే కనబడుతుంది. ఆదివారం భోజనాల దగ్గర ఆ వారం వచ్చిన తిట్లన్నీ పైకి చదివి, ఏది ఎవరి కిరాయి మనిషి రాశాడో తేల్చడం ఆయనకి సరదా. ఆ ఆదివారం నేనూ వాళ్లింట్లోనే తింటున్నాను. కంచం పక్కన ఫోను పెట్టుకుని, పేరు లేని ఒక వ్యాఖ్య అందుకున్నాడు.

"'వార్డుకి తాళం పడ్డ మర్నాడు ఆటోలో ఒకామెకి కాన్పయింది. ఆ ఆటోలో నేనున్నాను. బిడ్డ దక్కలేదు. మరమ్మతులకి మేస్త్రీ ఇంతవరకూ రాలేదు. మీరు ఒకసారి వచ్చి చూసి రాయండి.'" చదివి నవ్వాడు. "ఆటోలో ఉందట! ఎంత ముట్టిందో గానీ, కథ బాగానే అల్లింది."

నెల క్రితం ఈ ఇంట్లోనే, ఈయన చెవి పక్కనే చెప్పిన మాటలవి. ఒక్క ముక్కా ఎక్కలేదు మహానుభావుడికి.

అక్క గరిటె కింద పెట్టింది. "అది రాసింది నేనేనండీ" అంది.

బావ ముఖం పాలిపోయింది. సిగ్గుపడతాడనుకున్నాను. కనీసం ఒక్క నిమిషం తల దించుకుంటాడనుకున్నాను. అక్క కూడా అదే ఆశతో చూస్తోంది. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి.

ఆయన గొంతు తగ్గించి అడిగాడు. "నీ చేత ఎవరు రాయించారు?"

బావ కుడిచెయ్యి ఎంగిలిగా ఉంది. ఎడమ చేత్తో ఫోను దగ్గరికి లాక్కుని ఆ వ్యాఖ్యను తీసిపారేశాడు. తర్వాత కంచం ముందుకు జరిపి, ఇంకొంచెం అన్నం పెట్టమన్నాడు.

అక్క గరిటె ముట్టుకోకుండా లేచి చెయ్యి కడుక్కుంది.