మా తాత పార పట్టించిన పెద్దమనుషులు

మా ఓనెసిమ్ తాతకు ఒక్కటే జబ్బు. చేతిలో పార లేని మనిషి మాట ఆయన నమ్మడు. అదీ మంచు తీసే పారే అయ్యుండాలి. ఒగరుస్తూ మంచు ఎత్తిపోసేవాడికి అబద్ధమాడే ఊపిరి మిగలదట. మా నాన్న పిల్లనివ్వమని అడగడానికి వెళ్తే, ముందు వాకిట్లో మంచంతా తీయించి, ఆ తర్వాత పేరడిగాడు. ఎండాకాలంలో వెళ్ళి ఉంటే బతికిపోయేవాడినని నాన్న ఇప్పటికీ ఏడుస్తుంటాడు.

మా లాకోనియా ఊళ్ళో ఇలాంటి జబ్బు బ్రహ్మాండంగా చెల్లుతుంది. అధ్యక్ష పదవికి పోటీపడేవాళ్ళు అందరికంటే ముందు మా రాష్ట్రంలోనే ఓట్లు అడుక్కోవాలి. అందుకే చలికాలం రాగానే సెనేటర్లూ గవర్నర్లూ మా వంటింట్లో దిగి, అమ్మమ్మ చేసిన మాంసం కూరిన రొట్టె తిని, "అచ్చం మా అమ్మ చేసినట్టే ఉంది!" అంటారు. ఓటరు పార ఇస్తే వద్దనే ధైర్యం వాళ్ళకు ఉండదు.

ఆ ఏడు వచ్చినవాళ్ళలో దాదాపు అందరికీ ఒకటే చిక్కు. ఇరాక్‌లో ఘోరమైన ఆయుధాలున్నాయని గూఢచారులు చెప్పగానే యుద్ధానికి సరేనని సెనేట్‌లో చెయ్యెత్తారు. తీరా చూస్తే ఆయుధాలు లేవు. యుద్ధం మాత్రం ఇంకా ఉంది. మా పక్కింటి నోయెల్లా కొడుకు డెనిస్ అక్కడే మిలటరీ లారీ తోలుతున్నాడు. నోయెల్లాకు కావలసింది ఒక్కటే. చెయ్యెత్తినవాళ్ళలో ఒక్కరైనా తన మొహం చూసి ఎందుకెత్తారో చెప్పాలి. ఉత్తరం రాసి అడిగిన ప్రతిసారీ జవాబుగా అచ్చేసిన కార్డులే వచ్చాయి. దాంతో ఆమె తలుపేసుకుని బయటికి రావడం మానేసింది.

మొదట సెనేటర్ విట్‌కోంబ్ వచ్చాడు. మొహం చూసుకోవచ్చు, అంత మెరిసే బూట్లు. తాత పార చేతికిచ్చి నోయెల్లా వాకిలి చూపించాడు.

"తీస్తూ మాట్లాడు నాయనా. ఎందుకెత్తావు చెయ్యి?"

"పెద్దాయనా, అప్పట్లో మా దగ్గరున్న సమాచారం ప్రకారం..." ఒక పార. "ప్రపంచమంతా నమ్మింది కాబట్టి..." సగం పార. "ఇక చరిత్రే తేల్చాలి." పార కదల్లేదు.

"చరిత్ర వచ్చినప్పుడు వస్తుందిలే. ఆ మూల నువ్వు తియ్యి."

తర్వాత గవర్నర్ ప్రెస్కాట్. "నేనప్పుడు సెనేట్‌లోనే లేనండీ! ఉంటేనా, వద్దని అరిచేవాణ్ణి!"

"లేనిచోట అందరూ వీరులే. బాగా తీస్తున్నావు, కానీయ్."

ఇంకొకాయన పార పట్టుకుని ఏడుపు మొహం పెట్టాడు. "నన్ను మోసం చేశారండీ!"

"ఎవరు?"

"గూఢచారులు."

"వాళ్ళనెవరు మోసం చేశారు?"

"వేరే గూఢచారులు."

"మరి ఈ మంచెవరు పోశారు?"

పాపం, ఆయన ఆకాశం వైపు చూశాడు.

విచిత్రమేమిటంటే, మా షెడ్డులో మంచు తీసే మిషను నిక్షేపంగా ఉంది. మా వాకిలి తాత దాంతోనే ఊదిపారేస్తాడు. అమ్మమ్మ ఊరుకుంటుందా? "ఏమయ్యా, అదే చేత్తో నోయెల్లా వాకిలీ ఊదెయ్యొచ్చుగా! వచ్చినవాళ్ళ నడుములు విరిస్తే నీకేం వస్తుంది?"

"పెట్రోలు నీ పుట్టింటివాళ్ళు పోస్తారా?" అనేవాడు తాత. ఉత్త పిసినారి అనుకున్నాం అందరం.

ఆఖర్న సెనేటర్ మార్గో ఎల్స్‌వర్త్ వచ్చింది. మాట్లాడకుండా సగం వాకిలి తీసింది.

"ఆ గూఢచారుల నివేదిక మీకు చదవమని ఇచ్చారట కదమ్మాయ్. చదివావా?"

ఆమె పార ఆగింది. వెంటవచ్చిన కుర్రాడు "మేడమ్, టైమవుతోంది" అని దగ్గాడు.

"నువ్వుండు," అందామె. "లేదండీ. పైపైన ముక్క చదివాను. అందరూ ఎత్తుతున్నారు, నేనొక్కదాన్నే దించితే పిరికిదంటారని ఎత్తాను. వాళ్ళు తప్పు చెప్పారు, నిజమే. చదవనిది మాత్రం నేనే."

తాత మెచ్చుకుంటాడనుకున్నా. "నాకెందుకు చెబుతావు? ఆ కిటికీలో ఉన్నావిడకి చెప్పు," అన్నాడు. తెర వెనక నోయెల్లా నిలబడి ఉంది. చలికాలమంతా ఒక్కొక్కడి జవాబూ అక్కడినుంచే విందట! "ఈ వాకిలి తీసేవాడు ఆవిడ కొడుకు. వాణ్ణి మీరు పంపారు. వాడొచ్చేదాకా మీలో ఎవరో ఒకరు తియ్యాలి. నా మిషనుకేం పని ఇక్కడ?"

అమ్మమ్మ వెళ్ళి షెడ్డు తలుపు మూసొచ్చింది.

నోయెల్లా తలుపు తెరిచింది. "ఆమె చేతులు చూడు బాబాయ్, చలికి ఎలా కందిపోయాయో! లోపలికి రమ్మను." లోపల ఏం మాట్లాడుకున్నారో కిటికీ కింద నక్కినా నాకు వినపడలేదు. చివర్లో నోయెల్లా నవ్వు మాత్రం వినపడింది. తాత ఆ సెనేటరమ్మకు ఓటేశాడా అంటారా? "వాకిలి చివర తియ్యకుండా వదిలేసింది," అంటాడు, అంతే.

ఓట్లయిపోయాయి. పెద్దమనుషులు మాయమయ్యారు. మంచు మాత్రం పడుతూనే ఉంది. చూస్తే తాతే పార పట్టుకుని పక్కింటి వాకిట్లో ఒగరుస్తున్నాడు.

"మిషనేమైందయ్యా?" అంది అమ్మమ్మ.

"చెయ్యెత్తినవాళ్ళని గెలిపించి పంపింది మనలాంటివాళ్ళ ఓట్లే కదా. నా వంతు నేను తియ్యొద్దూ?"

మంచు కరగకముందే ఒక మధ్యాహ్నం డెనిస్ దిగాడు. బుజాన సంచీ దించకుండానే పారకోసం చెయ్యి చాచాడు. "ఇటివ్వు తాతా. ఎలా గడిచిందో అంతా చెబుతాను."

తాత పార వెనక్కి లాక్కున్నాడు. "అవసరం లేదురా. ఊరికే చెప్పు. నమ్ముతాను."

మా నాన్న నోరెళ్ళబెట్టాడు. "మామయ్యా! మరి నన్నెందుకు నమ్మలేదూ?"

"నువ్వింకా ఇక్కడే ఉన్నావా? ఇంద పార. ఆ మూల మిగిలిపోయింది, తియ్యి."