మామా కాయితం మీద సున్నా

అరబ్బు దేశంలో, జాబ్రియాలో నేను పనిచేసిన ఇంటి యజమానురాలిని మామా అని పిలవాలి. ఆమె యూనివర్సిటీలో పెద్ద ప్రొఫెసరు. ఆమె చదువంతా ఒంటరితనం మీద. మనుషులకు దిగులు ఎందుకు పుడుతుంది, ఎవరితో మాట్లాడితే తగ్గుతుంది, అన్నీ ఆమెకు తెలుసు. తప్పు రాస్తున్నానేమోనని భయమే, ఆ చదువు గురించి నాకు తెలిసింది ఇంతే. పక్కింటామెతో మాత్రం ఆమెకు మాటల్లేవు. కారు నిలిపే చోటు దగ్గర గొడవ.

నేను చేరిన రోజే షరతు పెట్టింది. మిద్దె మీద బట్టలు ఆరేసేటప్పుడు పక్కిళ్ళ పనిమనుషులతో మాట్లాడకూడదు.

ఒకరోజు కాయితాలు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. కొత్త ప్రశ్నలట, ముందు నా మీద పరీక్ష చేయాలట.

"ఈ వారంలో బయటివాళ్ళు ఎంతమందితో మాట్లాడావు?"

పక్కింట్లో పనిచేసే రాజంపేట అక్కతో రోజూ పిట్టగోడ మీద మోచేతులు పెట్టుకుని మాట్లాడేదాన్ని. చెబితే పని పోతుంది.

"ఎవురితోనూ లేదు మామా."

ఆమె కళ్ళు మెరిశాయి. సున్నా వేసుకుంది. బాధ కలిగితే ఎవరికి చెప్పుకుంటావంది. దిండుకన్నాను. అదీ రాసుకుంది. నా సున్నాను ఏదో మీటింగులో చదివి చప్పట్లు కొట్టించుకుని వచ్చింది. నాకో చాక్లెట్ల పెట్టె ఇచ్చింది.

తర్వాత ఇరాక్ సైన్యం వచ్చింది. వీధి చివర తుపాకులు. మామా వాళ్ళమ్మకు చక్కెర జబ్బు, సూది మందు రెండు రోజులకే మిగిలింది. మందుల షాపులు ఖాళీ. మామా తెలిసినవాళ్ళందరికీ ఫోన్ చేసింది. అందరూ అంటే నలుగురు ప్రొఫెసర్లు. నలుగురూ సెలవులకు వేరే దేశాల్లో ఉన్నారు.

నాకు అరబ్బీ నేర్పింది ఆ ముసలామే. మూడో రోజు ఆమె కళ్ళు తెరవలేదు. మిద్దెక్కాను.

"అక్కా, చక్కెర సూది మందు యాడన్నా ఉండాదేమో సూడు. ముసలామె బతకదు."

"మా ఇంటి యజమానికీ అదే జబ్బు గదమ్మే. ఫ్రిజ్జు నిండా పెట్టుకోనుండాడు. ఉండు, అడిగొస్తా."

అక్క కిందికి పోయి వచ్చింది.

"మా మామా ఇస్తాదంట. కానీ మీ ప్రొఫెసరమ్మే వచ్చి నోరు తెరిచి అడగాలంట."

"సచ్చినాం పో. ఆమెకు రాసేదే వచ్చు, అడిగేది రాదు."

కిందికొచ్చి చెప్పాను. మామా నన్ను పైకీ కిందికీ చూసింది.

"ఎవరితోనూ మాట్లాడలేదన్నావే?"

"మాట్లాడొద్దంటివి గదా మామా. అందుకే మాట్లాడలేదంటి."

అరవబోయింది. లోపల వాళ్ళమ్మ మూలిగింది. "ఖలాస్, ఇంక చాలు" అని అబాయా తగిలించుకుని నా వెనకే మెట్లెక్కింది.

పక్కింటామె గోడకు అవతల చేతులు కట్టుకుని నిలబడింది. మామా గొంతు సవరించుకుంది. "ఇలాంటి కష్టకాలంలో ఇరుగుపొరుగుల సహకారం అనేది..." అని మొదలుపెట్టింది. పక్కింటామె వెనక్కి తిరిగింది.

"యల్లా మామా, తొందరగా! అమ్మకు బాగలేదని చెప్పు!" అన్నాను నేను.

"మా అమ్మ..." అంది మామా. ఏడ్చింది.

పక్కింటామె గోడ మీదుగా ఆమె చెయ్యి పట్టుకుంది. "ముందే రావొచ్చు కదా, పిచ్చిదానా. కారు గురించేనా? నా కారును నిన్ననే సైనికులు ఎత్తుకుపోయారు."

ఐసు గిన్నెలో మందు గోడ దాటింది. మామాయే సూది వేసింది. సాయంత్రానికి ముసలామె కళ్ళు తెరిచి మందు ఎవరిచ్చారని అడిగింది.

"పక్కింటామె."

"ఆ పిల్లేనా! మంచిది. నువ్వు యూనివర్సిటీకి పోగానే రోజూ వచ్చి నా దగ్గర కూర్చుంటుందిగా."

మామా నా వైపు చూసింది. నేను గిన్నె కడగడానికి వెళ్ళిపోయాను.